జిన్ను – దెయ్యం: ఒక భయానక చిత్రోత్సవం చూసిన మీదట

హైదరాబాదులో కొందరు విద్యార్థులు కలిసి నడుపుకొంటున్న ఒక చిన్న చిత్రసంఘం గత చలికాలంలో ఒక ఆదివారం నాడు భయానక చిత్రోత్సవం జరిపింది. ఇటువంటి ఉత్సవాలు పాశ్చాత్య దేశాలలో కొత్తవి కావు. స్పెయిన్‌లో బార్సిలోనాకు సమీపాన ఉన్న సిట్జెస్ అనే సముద్రతీర పట్టణంలో 1968లో మొదలైన ఉత్సవం ఈనాటికీ ఏటేటా జరుగుతున్నది. మన విద్యార్థుల ఎంపికలో మాత్రం ఒక విశేషమున్నది. వారు చూపిన ఐదు చిత్రాలూ ముస్లిముల ఇళ్ళలో జరిగే కథలే. టర్కీవి రెండు, ఇండొనేషియాది ఒకటి, పారశీక భాషలోది ఒకటి, చివరిది మన తెలుగుది. పరభాషా చిత్రాలు నాలుగింటికీ ఇంగ్లీషు నుంచి తెలుగు సబ్‌టైటిల్స్ వారే రాసుకొన్నారు. అందులోని ధార్మిక పదాలను సరిచూడమని నాలుగు రోజుల ముందు ఆ ప్రతులు నాకు పంపారు.

చూద్దును కదా, జిన్ను అనే మాట ఒక్కచోట కూడా లేదు. అంతటా 'దెయ్యం', అక్కడక్కడ 'భూతం'.

"సర్, తెరమీద రెండు లైన్లే పడతాయి. చూసేవాడు క్షణంలో చదివేయాలి. దెయ్యమంటే అందరికీ తెలుసు కదా" అన్నాడు ఆ పని చేసిన కుర్రవాడు. నాకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. పదిహేనేళ్ళ క్రితం ఉర్దూ నుంచి అనువదించిన ఒక పిల్లల పుస్తకంలో హజ్రత్ సులైమాన్ (అలై) కొలువులోని జిన్నాతులను 'భూతాలు' అని రాసినవాణ్ణి నేనే. అప్పుడొక వృద్ధ ఉపాధ్యాయుడు కార్డు ముక్క రాసి, ఆ భూతాలు కలిమా చదివినవా, చదవనివా అని మాత్రం అడిగారు. ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు.

ఇటువంటి చిత్రాలు చూడవచ్చునా అని పాఠకులు అడుగుతారు. ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను. మన పిల్లలు వీటిని చూస్తున్నారన్నది మాత్రం యథార్థం. వారు ఏమి చూస్తున్నారో, దానిని ఏ పేరుతో చూస్తున్నారో చెప్పడం అనువాదకుని పని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అరబీలో జీమ్, నూన్, నూన్ అనే ధాతువుకు మరుగుపడి ఉండడమని అర్థం. గర్భంలో దాగిన శిశువు జనీన్. చెట్ల నీడతో నేల కనిపించని తోట జన్నత్. దెబ్బను అడ్డుకొనే డాలు జున్నత్. బుద్ధి మరుగుపడినవాడు మజ్నూన్. జిన్ను కూడా ఆ కుటుంబంలోనిదే. కంటికి కనిపించని సృష్టి అని మాత్రమే దాని అర్థం, అందులో భయానికి సంబంధించినది ఏదీ లేదు. అగ్నితో సృష్టించబడినా, మనవలెనే పుట్టి గిట్టేవారు, ఆజ్ఞలకు బద్ధులు, తీర్పుదినాన లెక్క చెప్పవలసినవారు. 28 ఆయతులున్న జిన్ను సూరాలో ఒక బృందం ఖుర్ఆన్ విని విశ్వసించడం, తమలో సజ్జనులూ ఉన్నారు, కానివారూ ఉన్నారని తామే ఒప్పుకోవడం మనం చదువుతాము. రహ్మాన్ సూరాలో 31 సార్లు వచ్చే ప్రశ్న మానవులను, జిన్నాతులను కలిపి అడిగినది.

తెలుగు దెయ్యం అటువంటిది కాదు. అది చచ్చిన మనిషి, తీరని కోరికో పగో ఉండి తిరిగివచ్చేది. దానికి పాపపుణ్యాల లెక్క లేదు, దీను లేదు. మరొక సంగతి. మన వ్యాకరణ పుస్తకాలలో ప్రకృతి వికృతుల పట్టిక తీసి చూడండి, దైవానికి వికృతి దయ్యమని ఉంటుంది. ఊళ్ళలో పొలిమేర శక్తులకు మొక్కుకొనేవారికి ఆ మాటలో విడ్డూరమేమీ కనిపించదు. కాని జిన్నాతులను అల్లాహ్‌కు సాటి కల్పించినవారిని అన్ఆమ్ సూరాలో ఖండించిన గ్రంథాన్ని నమ్మే మనం, జిన్నుకు దైవమన్న మాట నుంచి పుట్టిన పేరు పెట్టడమేమిటి?

ఈ ఆలోచనలతోనే ఆదివారం ఉదయం వెళ్ళి కూర్చున్నాను. అరవై డెబ్బై మంది పిల్లలు ఉంటారు. గోడకు అంటించిన కాగితం మీద 'దెయ్యాల ఆదివారం' అని ఉన్నది. దాన్ని సరిదిద్దే సమయం మించిపోయింది.

మొదటి చిత్రం మెతిన్ ఎర్క్‌సాన్ 1974లో తీసిన 'షెయ్తాన్'. అంతకు ముందటి ఏడు అమెరికాలో వచ్చిన 'ఎగ్జార్సిస్ట్'కు ఇది దాదాపు ప్రతి దృశ్యంలోనూ నకలు, సంగీతంతో సహా. క్రైస్తవ పురోహితుని మంత్రజలానికి బదులు జమ్‌జమ్ నీరు, శిలువకు బదులు ఖుర్ఆన్ పెట్టారు. పాత్రల పేర్లు, పవిత్ర వస్తువులు మార్చినంత మాత్రాన మతం మారుతుందని దర్శకుడు ఎట్లా అనుకొన్నాడో తెలియదు. షైతానుకు మనిషిమీద అధికారం ఏమీ లేదని, పిలవడమే తప్ప బలవంతం చేయలేదని ఇబ్రాహీమ్ సూరాలో వాడే ఒప్పుకొంటాడు. ఇక్కడ మాత్రం ఏ పాపమూ ఎరుగని పసిపిల్లను స్వాధీనం చేసుకొని మంచానికి కట్టించాడు. పిల్లలు నవ్వుతూ చూశారు, బొమ్మ పాతది కనుక.

నేను నవ్వలేకపోయాను. ఈ తరహా కథలో మొదట వైద్యులు ఓడిపోవాలి, లేకపోతే మంత్రం గెలవదు. పిల్లను కట్టివేయడం అప్పటికి తప్పనిసరి అనిపిస్తుంది. తమిళనాడులో ఏర్వాడి దర్గా సమీపాన ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొన్నప్పుడు 28 మంది మానసిక రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉండి తప్పించుకోలేక మరణించారు. వారిని అక్కడికి తెచ్చినవారు దుర్మార్గులు కారు, కన్నవారూ తోబుట్టువులూ. పట్టినది జబ్బు కాదని వారికి ఎవరో చెప్పి ఉంటారు. వ్యాధికి చికిత్స చేయించుకోమని ఆజ్ఞాపించిన దైవప్రవక్త (స) అనుచర సమాజంలో ఇది జరిగింది.

రెండవది ఆల్పెర్ మెస్త్‌చి 2014లో తీసిన 'సిజ్జీన్'. మేనరికపు ప్రేమ, ఈర్ష్య, భార్యమీద చేతబడి. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పేరు గురించి చెప్పాలి. దుర్జనుల కర్మల చిట్టాకు ముతఫ్ఫిఫీన్ సూరాలో వచ్చిన పేరది. ఆ సూరా మొదలయ్యేది తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ! దొంగ తూకాల వర్తకునికి చెప్పిన పేరు ఇప్పుడు చేతబడి బొమ్మకు బోర్డు అయింది. హసన్ కరాజాదా 2006లో తీసిన 'దబ్బె' కూడా అటువంటిదే. ప్రళయానికి ముందు నేలనుంచి వెలువడే జీవి ప్రస్తావన నుంచి ఆ పేరు తీసుకొన్నారు. దాబ్బత్ అనే ఆ మాటే సబా సూరాలో మరొకచోట ఉన్నది. అక్కడ అది సులైమాన్ (అలై) చేతికర్రను తొలిచిన చెదపురుగు. ఆయన కర్రమీద ఆని నిలబడే మరణించారు. ఆ సంగతి తెలియక జిన్నాతులు చాకిరీ చేస్తూనే ఉన్నారు. కర్ర విరిగి దేహం కూలినప్పుడు గాని తమకు అగోచర జ్ఞానం లేదని బయటపడలేదు. భయపడి పనిచేసినవారు జిన్నాతులు, నిలబడి ఉన్నది ప్రాణం లేని మనిషి. ఇంతటి దృశ్యం చేతిలో ఉండగా తలుపులు కిర్రుమనడం, తెల్లగుడ్లు తేలవేయడం ఎందుకో నాకు అర్థం కాదు.

జుహర్ నమాజు తరువాత టీ తాగుతూ ఆ కుర్రవానికి అబూ హురైరా (రజి) వృత్తాంతం చెప్పాను. రమజాన్ జకాత్ ధాన్యానికి కాపలా ఉండగా ఒకడు దొంగతనానికి వస్తాడు. పట్టుకొంటే పిల్లలు గలవాణ్ణి, పేదవాణ్ణి అని బతిమాలుతాడు. మూడు రాత్రులు అదే తంతు. వాడు షైతానని తరువాత తెలుస్తుంది. "సర్, ఇది కామెడీ కదా! ఇందులో భయమెక్కడ?" అన్నాడతను. లేదు మరి. పట్టుకొన్నది మనిషి, బతిమాలినది షైతాను. సహీహ్ బుఖారీలో అట్లానే ఉన్నది.

మధ్యాహ్నం ఇండొనేషియా చిత్రం, జోకో అన్వర్ 2017లో తీసిన 'పెంగాబ్ది సెతాన్'. ఇదే పేరుతో 1980లో వచ్చిన చిత్రానికి పునర్నిర్మాణం. సుహార్తో పాలన నాటి ఆ పాత చిత్రంలో దీను మరచిన కుటుంబాన్ని చివరకు ఒక మతగురువు వచ్చి రక్షిస్తాడు, మన సినిమాల్లో ఆఖరి రీలుకు పోలీసులు వచ్చినట్లు. కొత్త చిత్రంలో ఉస్తాద్ రక్షించలేడు. ఆయన కొడుకు చనిపోతాడు, ఆ దుఃఖంలో ఆయన కుంగిపోతాడు, చివరకు తానూ హతుడవుతాడు. ఇది దీనును కించపరచడమని కొందరనవచ్చు. నాకట్లా తోచలేదు. కొడుకును పూడ్చి వచ్చిన తండ్రి కుంగడం మానవ సహజం. పాత చిత్రంలోని విజయం దీనుది కాదు, కథకుని సౌకర్యం. నన్ను బాధించినది మరొకటి. పెద్ద కూతురు నమాజుకు నిలబడే ఘట్టం ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేట్లు చేయడానికే ఉన్నది. ఆ దేశంలో ఇది ఒక ఆనవాయితీగా మారింది. 2024లో 'కిబ్లత్' అనే చిత్రం పోస్టరు మీద నమాజు భంగిమను వికృతంగా చూపినందుకు అక్కడి ఉలేమా మండలి అభ్యంతరం చెప్పగా, పేరు మార్చి విడుదల చేశారు.

ఈ చిత్రంలో తిరిగివచ్చేది చనిపోయిన తల్లి. కనుక ఇక్కడ 'దెయ్యం' అన్న మాటను నేను కొట్టివేయలేదు. అది దెయ్యమే. మన అఖీదాలో దానికి స్థానం లేదన్నది వేరు సంగతి.

అసర్ తరువాత చూపినది బాబక్ అన్వారీ 2016లో తీసిన 'అండర్ ది షాడో'. ఆనాటి చిత్రాలలో ఇది ఉత్తమమైనదని నిస్సంకోచంగా చెబుతాను. 1988, ఇరాక్ క్షిపణులు టెహ్రాన్ మీద పడుతున్న రోజులు. వైద్యవిద్య మధ్యలో ఆగిపోయిన షీదే అనే స్త్రీ తిరిగి చేర్చుకోమని అడిగితే, విప్లవకాలపు రాజకీయాల కారణంగా తలుపులు మూసివేస్తారు. భర్త వైద్యుడు, యుద్ధరంగానికి పిలుపు వచ్చి వెళ్ళిపోతాడు. ఆమె, చిన్న కూతురు మిగులుతారు. కిటికీ అద్దాలు పగిలి మీదపడకుండా అంటించిన టేపులు, సైరన్ మోగితే నేలమాళిగకు పరుగులు, ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్ళిపోయే పొరుగువారు. పేలకుండా పైకప్పులో దిగబడిన క్షిపణి. పిల్ల బొమ్మ పోతుంది. జిన్ను తీసుకుపోయిందని పిల్ల అంటుంది. అవి గాలితో వస్తాయట. తల్లి నమ్మదు.

ఈ చిత్రంలోని జిన్ను మీదపడి కరిచేది కాదు. భర్త గొంతుతో ఫోనులో మాట్లాడి, నీవు పనికిమాలిన తల్లివి అంటుంది. ఆ మాట ఆమె మనసులో అప్పటికే ఉన్నది. ఖుర్ఆన్‌లోని చివరి సూరా చెప్పే గుసగుస ఇదే. అది జిన్నాతుల నుంచీ మనుషుల నుంచీ వస్తుందని కదా అక్కడ చెప్పబడింది. షీదే చెవిలో పడిన మాటలు చాలావరకు మనుషులవే. ఒక రాత్రి భయంతో తలమీద గుడ్డలేకుండా పిల్లను ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తితే ఆమెను పట్టుకొనిపోయి, మందలించి, చాదర్ కప్పి పంపుతారు. తరువాత ఇంట్లో ఆమెను వెన్నాడే రూపం కూడా గాలిలో ఎగిరే చాదరే.

ఇక్కడొక పొరపాటు జరిగింది, అది నాకు మేలే చేసింది. నేను సరిచేసిన ప్రతికి బదులు పాత ప్రతి పడింది. తెరమీద అంతటా 'దెయ్యం'. చిత్రం అయ్యాక బయట నిలబడి పిల్లలు వాదించుకొంటున్నారు. "ఎవరి దెయ్యం అది?" "పై వాటాలో చనిపోయాడే, ఆ ముసలాయనది." "ఆయన ఆమెను ఎందుకు పీడిస్తాడు? బతికించాలని చూసింది కదా." "అదే అర్థం కాలేదు, కథలో లోపం." క్షిపణి పడినప్పుడు ఒక వృద్ధుడు గుండె ఆగి మరణిస్తాడు, నిజమే. కాని ఆయనకూ ఆ పీడకూ ఏ సంబంధమూ లేదు. దెయ్యమన్న మాట చదివారు గనుక చచ్చినవారెవరా అని వెతికారు, పగ ఏమిటా అని వెతికారు. దొరకక దర్శకుణ్ణి తప్పుపట్టారు. గాలితో వచ్చేదని పిల్ల చెప్పిన మాట ఎవరికీ గుర్తులేదు. ఒక్క పదం తప్పుగా పడినందువల్ల గంటన్నర చిత్రమంతా వారికి మరొకటిగా కనిపించింది. పిలిచి చెబితే విన్నారు. కుర్రవాడు మాత్రం చాలా నొచ్చుకొన్నాడు.

మగ్రిబ్ అయ్యాక సాయికిరణ్ దర్శకత్వంలో 2022లో వచ్చిన 'మసూద'. పక్కింటి తల్లీకూతుళ్ళ కష్టానికి పిరికివాడైన ఒక యువకుడు అడ్డం నిలబడే వైనం మొదటి భాగంలో నెమ్మదిగా, నిజాయితీగా ఉన్నది. భయపడుతూనే సాయం చేసే మనిషిని తెలుగు తెర తరచు చూపదు. తరువాత బురఖా వచ్చింది. చీకట్లో నిలబడ్డ నల్లని బురఖాయే పీడ రూపం. మన భయానక చిత్రాలలో ఇంతకాలం ముస్లిముకు పీడను వదిలించే ఫకీరు వేషమే దక్కేది. 2009 నాటి 'అరుంధతి'లో అన్వర్ పాత్ర అటువంటిది. ఇప్పుడు వదిలించే పీరూ మనవాడే, వదిలించవలసినదీ మనదే.

టెహ్రాన్ కథలో కూడా నల్లగుడ్డే కదా అని అడగవచ్చు. అక్కడ దానిని ఆ స్త్రీమీద ప్రభుత్వం బలవంతంగా కప్పింది. ఆమె భయానికి ఆ గుడ్డతో లెక్క ఉన్నది. ఇక్కడ బురఖాకు కథలో ఏ లెక్కా లేదు, చీకట్లో చూసేవానికి భయం వేస్తుందన్న నమ్మకం తప్ప. ఆ నమ్మకం చూసేవాని మనసులో ముందే ఉండాలి.

నాకు రెండు వరుసల ముందు ఒక విద్యార్థిని ఉదయం నుంచీ కూర్చొని ఐదు చిత్రాలూ చూసింది. టెహ్రాన్ చిత్రం గురించి నన్ను మంచి ప్రశ్నలు అడిగినది ఆమె ఒక్కతే. తొమ్మిది దాటాక ఇంటికి వెళుతూ కుర్చీమీద మడిచి పెట్టుకొన్న బురఖా తొడుక్కొన్నది. ద్వారం దగ్గర ఒకడు సరదాకు కెవ్వుమన్నాడు. స్నేహితులంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తరువాత, "సర్, ఇషాకు ఇక్కడ దగ్గర్లో స్త్రీలకు చోటుందా?" అని నన్నడిగింది. లేదని చెప్పవలసి వచ్చింది.