తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ మధ్య ఒక చిన్న సైన్యం

అరికాలి నుంచి కంటి దాకా పదిహేను మిల్లీమీటర్లు. ఒక మద్రాసు సిపాయి ఎత్తు అది. ఎర్ర కోటు, తొడల దాకా తెల్లటి చల్లడం, మోకాళ్ళ కింద వట్టి కాళ్ళు, తల మీద నీలం పాగా. భూతద్దం పెట్టి ముఖం చూస్తే కళ్ళు లేవు. కనుబొమ్మల కింద సన్నని నీడ, ముక్కు దూలం మీద ఒక వెలుగు చుక్క, దవడ మీద ఇంకొకటి, అంతే. అద్దం తీసేసి చేతికందే దూరంలో పెడితే మాత్రం ఆ మనిషి ఎండకు కళ్ళు చికిలించి ఎటో చూస్తున్నాడు. ఇంత చిన్న కొలతలో కనుపాప దిద్దితే గుడ్లురిమినట్టు ఉంటుందని, వదిలేస్తేనే చూపు వస్తుందని తెలిసిన చెయ్యి మా బావగారిది.

బావగారు మద్రాసులో బ్యాంకు ఉద్యోగి. సొంతూరు తిరుత్తణి. అత్తవారిల్లు, అంటే మా ఇల్లు, తిరువళ్ళూరు. పాత యుద్ధాలను లోహపు బొమ్మలతో బల్ల మీద మళ్ళీ ఆడడం ఆయన పిచ్చి. కొలబద్దతో కొలిచి పటాలాలను జరపాలి. గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు తీసుకున్న రైస్విట్జ్ ఆట దీనికి మూలపురుషుడు. 1913లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘లిటిల్ వార్స్’తో అది ఇళ్ళ నడవల్లోకి వచ్చింది. ఈ ఆట ఆడేవాళ్ళలో ఎక్కువమంది వాటర్లూనో గెటిస్‌బర్గ్‌నో ఎంచుకుంటారు. బావగారు ఎంచుకున్నది తన అమ్మగారింటికీ అత్తగారింటికీ మధ్య జరిగిన యుద్ధాన్ని.

మాట వరసకు అనడం కాదు. తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కితే కడంబత్తూరు, తిరువాలంగాడు, అరక్కోణం, తర్వాత తిరుత్తణి. 1780, 1781 సంవత్సరాల్లో హైదర్ అలీకీ కుంపిణీకీ నడిచిన పోరులో సగం ఈ పట్టాలకు అటూ ఇటూనే జరిగింది. కడంబత్తూరుకు దక్షిణాన పేరంబాక్కం. అక్కడ 1780 సెప్టెంబరు 6న టిప్పు వచ్చి కల్నల్ బెయిలీ దళం మీద పడ్డాడు. ఇంకా కిందికి, కంచి దారిలో పుల్లలూరు. ఇంగ్లీషు పుస్తకాలు పొల్లిలూరు అనేది దాన్నే. అక్కడే సెప్టెంబరు 10న బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. తిరువళ్ళూరు పక్కనే ఉన్న తిరుప్పాచ్చూరు కోటను మరుసటి ఏడు ఆగస్టులో కుంపిణీ సేనాని సర్ ఐర్ కూట్ పట్టుకున్నాడు. తిరుత్తణికి పడమర షోళింగర్, మన వాళ్ళ నోట షోలింగాపురం. అక్కడ 1781 సెప్టెంబరు 27న కూట్, హైదర్ తలపడ్డారు. మద్రాసు పటాలాల జెండాల మీద ఆ ఊరి పేరు యుద్ధ గౌరవంగా ఎక్కింది. 1960 ఏప్రిల్ దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. హైదర్ 1782 డిసెంబరులో కన్నుమూసిందీ చిత్తూరు దగ్గరే. ఇంత చరిత్ర మన గుమ్మం ముందు జరిగితే దాన్ని తలుచుకునే తెలుగువాళ్ళు తక్కువ. ఈ కోపం నాది. బావగారికి కోపాలు లేవు, కుంచెలు ఉన్నాయి.

ఆయన చేసినవాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది సైనికులను కాదు, నదిని.

బెయిలీ కథ తెలిస్తేగాని ఆ నది గొప్ప తెలియదు. గుంటూరు నుంచి దిగివచ్చిన బెయిలీ ఆగస్టు చివర్లో కుశస్థలి ఒడ్డుకు చేరాడు. తమిళంలో కొసస్థలైయారు. మన చిత్తూరు కొండల నీళ్ళు మోసుకొచ్చే నది, ఇప్పుడు పూండి జలాశయం ఉన్నది దీని మీదే. ఆ సాయంత్రం నదిలో నీళ్ళు లేవనే చెప్పాలి. పొద్దున్నే దాటుదామని ఉత్తరపు గట్టున గుడారాలు వేశాడు. రాత్రికి వరద వచ్చింది. వారానికి పైగా ఆ గట్టునే ఇరుక్కున్నాడు. ఈలోగా కంచి దగ్గర ఆగి ఉన్న కుంపిణీ సేనాని హెక్టర్ మన్రోకూ ఇతనికీ నడుమ టిప్పు వచ్చి నిలబడ్డాడు. ఒక్క రాత్రి ఆలస్యానికి కట్టిన వెల అది.

బావగారు ఈ నదిని అడుగు చదరపు ప్లైవుడ్ పలకల మీద కట్టారు. పలకకు రెండు ముఖాలు. ఒక ముఖం ఎండిన ఏరు. మామూలు ఇసుక చల్లితే ఈ కొలతలో ఒక్కో రేణువు గులకరాయంత కనపడుతుంది. అందుకని ఇసుకను పాత వాయిల్ గుడ్డలో జల్లించి, జారిన పిండి మాత్రమే జిగురు మీద పరిచారు. నడిమధ్యన తెగీతెగని ఒక నీటి చార. పశువులు దిగి ఎక్కిన చోట గట్టు కొంచెం జారి ఉంటుంది. గట్టు మీద రెండు తాటిచెట్లు, వాటి మొదట్లో కొబ్బరిపీచు తుంపులతో ఎండుగడ్డి.

పలక తిప్పితే వరద. ఇక్కడే పనివాడు బయటపడతాడు. బొమ్మల ఆటల్లో నీళ్ళంటే నీలం పూసి గాజులా మెరిపించేస్తారు. మన ఏళ్ళలో వరద నీళ్ళు ఏనాడు నీలంగా ఉన్నాయి? ఆయన పూసింది ఎర్రమట్టి కలిసిన చింతపండు పులుసు రంగు. దాని మీద ఫెవికాల్ పొరలు పొరలుగా వేసి, తడి ఆరకముందే మొండి కుంచెతో అద్దారు. ఆరేసరికి తెలుపు పోయి అలల గరుకు మిగిలింది. సుళ్ళ అంచున నురుగు తెల్లగా లేదు, మాసిన పసుపు. ఎండు ముఖంలో పశువులు దిగిన రేవు ఎక్కడుందో వరద ముఖంలోనూ అక్కడే గట్టు మునిగి, ఒక ముళ్ళకంప కొస మాత్రం నీళ్ళ పైకి కనిపిస్తుంది. రెండు ముఖాలూ ఒకే నది అని నమ్మించేది ఆ కంప.

ఆటలో దాని పనీ అంతే తెలివైనది. బెయిలీగా ఆడేవాడు గట్టున బస చేసిన ప్రతి రాత్రీ పాచికలు వేయాలి. పెద్ద అంకె పడితే పలకలన్నీ తిరగేస్తారు. చరిత్ర చదివినవాడు మొదటి సాయంత్రమే దాటాలనుకుంటాడు. కానీ దాటడానికి ఎద్దులు అలసి ఉంటాయి, మందుగుండు బండ్లు వెనకబడి ఉంటాయి. బెయిలీ మూర్ఖుడని అంతకుముందు నేనూ అనేవాణ్ణి. ఆ బల్ల ముందు కూర్చున్నాక అనడం మానేశాను.

ఎద్దుల సంగతి వేరుగా చెప్పాలి. ఆ యుద్ధాలు ఎద్దులతో నడిచినవి. షోళింగర్‌లో కుంపిణీ సేన ఒక్కసారిగా మీదికి వచ్చేసరికి హైదర్ ఫిరంగులు లాగే ఎద్దులు మేతకు పోయి ఉన్నాయి. అవి వచ్చి ఫిరంగులు కదిలేదాకా ఆపడానికి ఆయన గుర్రపు దళాలను ఎదురు తోలాల్సి వచ్చింది. బావగారికి దొరికిన లోహపు ఎద్దులు యూరపు జాతివి, మూపురం లేనివి. ఒక్కోదానికీ ఎం-సీల్ ముద్దతో మూపురం పెట్టి, గంగడోలు సాగదీసి, కొమ్ములు కోసేసి సన్నని రాగి తీగతో కొత్తవి దిద్దారు. కొమ్ములు వెనక్కి వాలి కొసన మళ్ళీ పైకి లేస్తాయి. మైసూరు ఏలికలు ఫిరంగుల కోసం పెంచిన అమృత్ మహల్ జాతి గుర్తు అది. కుంపిణీ వైపు ఎద్దులకు మాత్రం అన్ని రకాల కొమ్ములూ ఉన్నాయి, కొన్నింటి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కూట్ ఎప్పుడూ పశువుల కరువుతోనే నడిచాడు. చరిత్ర పుస్తకాల్లో పేజీల కొద్దీ ఉన్న ఫిర్యాదును ఈయన ఎద్దు డొక్కలో పెట్టారు.

వదిలేసినదాన్ని కూడా మెచ్చుకోవాలి. మైసూరు సైన్యం అనగానే అందరూ పులిచారల కోట్లు వేసేస్తారు. ఆ దుస్తులు పేరుకెక్కింది టిప్పు గద్దెనెక్కాక. 1780 నాటి బల్ల మీద అవి ఉండకూడదని బావగారు ఒక్క చార కూడా గీయలేదు. చూడ్డానికి సైన్యం కాస్త వెలవెలబోయింది, నిజం నిలిచింది. అగ్నిబాణాలకు మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఇనుప గొట్టానికి బదులు అల్యూమినియం తీగ ముక్క, వెదురు కర్రకు బదులు చీపురు ఈనె. ఈనెను నిలువునా చీల్చి, నాలుగడుగుల కర్ర ఈ కొలతలో ఎంతవుతుందో లెక్కకట్టి, సుమారు సెంటీమీటరుకు తుంచారు. గొట్టాన్ని ఈనెకు కట్టిన దారం నైలాన్ మేజోడు నుంచి పీకిన పోగు.

ఇదంతా ఎప్పుడు చేస్తారన్నదే అసలు విశేషం. తిరువళ్ళూరులో అమావాస్య అంటే వీరరాఘవస్వామి గుడికి, హృత్తాపనాశిని కోనేటికి జనం పోటెత్తుతారు. మా ఇంటికి చుట్టాలు పోటెత్తుతారు. తిరుత్తణిలో ఆడికృత్తికకు కావళ్ళు, డిసెంబరు 31 రాత్రి 365 మెట్లకూ పూజలు. రెండు చోట్లా అల్లుడూ కొడుకూ కనపడాల్సిందే. మొదట్లో మా అమ్మ సణిగేది: “ఇంటికొచ్చిన అల్లుడు పడసాలలో కూచుని బొమ్మలకి రంగులేసుకుంటా ఉంటే వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?” అక్క ఒక్క మాటలో తేల్చింది: మనిషి వస్తే మూత పడాలి.

ఆ మూతే ఆయన పనితనానికి అచ్చు. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు బావగారు తెచ్చేది ఒక రేకు బిస్కెట్ డబ్బా. బొమ్మల అడుగున అయస్కాంతపు పట్టీ అతికించి ఉంటుంది, డబ్బా తలకిందులైనా కదలవు. స్టీలు డబ్బాలతో మొదట ప్రయత్నించారు. కొన్ని రకాల స్టీలుకు అయస్కాంతం పట్టదు, అందుకే రేకు. ఒక్కో బొమ్మ ముప్పై మందికి లెక్క. మన్రో పంపగా ఫ్లెచర్ తెచ్చిన సాయంతో కలిసి బెయిలీ దళం నాలుగు వేలలోపు, అంటే నూటపాతిక పైచిలుకు బొమ్మలు. సరిగ్గా డబ్బాకు పడతాయి. మొదట 1780 యుద్ధాన్నే ఎంచుకోవడానికి ఇదొక కారణమని ఆయనే ఒప్పుకుంటారు. షోళింగర్‌లో డెబ్బై వేలని చెప్పే హైదర్ సేనను అదే లెక్కన నిలబెట్టాలంటే రెండు వేల మూడు వందల బొమ్మలు కావాలి. దానికి డబ్బా కాదు, బీరువా కావాలి. కాబట్టి అక్కడ ఎదురుబొదురైన దళాలనే పెట్టి, మిగతా గుర్రపుమూకను దూరపు దుమ్ముగా బల్ల అంచున దూదితో చూపించారు. నాకు ఇది తెలివైన రాజీ అనిపిస్తుంది, గొప్ప పని అనిపించదు.

డబ్బా మూతలోనే రంగుల పలక. తడి స్పాంజి మీద వెన్న కాగితం పరిచి దాని మీద రంగు వేస్తారు, మే నెల ఎండలోనూ గంటల తరబడి ఆరదు. తలుపు చప్పుడు కాగానే మూత వేసేస్తే, చుట్టాలు కాఫీ తాగి వెళ్ళాక అదే రంగుతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఒక్కో విడతకు ఒకే రంగు. ఈ పూట నూటపాతిక కోట్ల ఎరుపు, మరో పూట అడ్డపట్టీల తెలుపు. ఆగి మొదలెట్టడం వల్ల చెయ్యి మారినట్టు ఎక్కడా తెలియకపోవడానికి ఇదే కిటుకు. వార్నిష్ మాత్రం మద్రాసులో కొట్టరు. సముద్రపు చెమ్మకు అది పొగమంచులా తెల్లబడుతుంది. వేసవిలో తిరుత్తణి మిద్దె మీద, పది గంటల లోపల కొడతారు. అమ్మను చూడడానికి వెళ్ళే పని, వార్నిష్ పని ఒకే రైలు టికెట్టులో అయిపోతాయి.

దసరాకు మా అమ్మే ఆ సైన్యాన్ని కొలువు మెట్ల కింద పిల్లలు కట్టే పార్కులో పెట్టించింది. పేరంటానికి వచ్చినవాళ్ళు దశావతారాల కన్నా ఎద్దుల దగ్గర ఎక్కువసేపు వంగారు. ఆ రోజు అమ్మ అల్లుణ్ణి అడిగింది: “ఇంతమంది సోల్జర్లు ఉండారు గదా నాయనా, ఊరోళ్ళు ఎవురూ లేరే?”

నేను పట్టాలనుకున్న తప్పు కూడా అదే. 1780లో హైదర్ గుర్రాలు దిగినప్పుడు ఈ పక్క పల్లెలు తగలబడ్డాయి, జనం మూటలతో మద్రాసు దారి పట్టారు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ గోడ మీద 1784 నాటి కుడ్యచిత్రంలో పుల్లలూరు యుద్ధం మొత్తం ఉంది. పల్లకీలో బెయిలీ, పేలుతున్న మందుగుండు బండి, వరసల వరసల గుర్రాలు ఉన్నాయి. గెలిచినవాడు గీయించుకున్న బొమ్మ కాబట్టి అందులో రైతు లేకపోవడం వింత కాదు. బావగారు ఎవరి పక్షమూ కాదు, ఆయన బల్ల మీద ఉండాలి. అమ్మ అడిగాక ఒక పసులకాపరి పిల్లవాణ్ణి చేశారు. భుజాన కర్ర, గోచీ, కాళ్ళకు దుమ్ము. చక్కగా ఉన్నాడు. ఒక్కడు చాలడు.

పుల్లలూరులో 1781 నాటి రెండో పోరులో చనిపోయిన ఇద్దరు ఇంగ్లీషు అధికారుల స్మారక స్తంభాలు ఇప్పటికీ పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. కంచికి పట్టుచీరల కోసం వెళ్ళేవాళ్ళు ఒక పూట అటు మళ్ళి చూసి రండి. పిల్లలను కూడా తీసుకెళ్ళండి.