వెతికిపెట్టే చెయ్యి
కాలేజీలకి ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఎన్‌-లిస్ట్‌ ఐడీలు ఇచ్చేస్తే కాలేజీ లైబ్రేరియన్‌ పని అయిపోయిందనుకుంటాం. చేనేత సహకార సంఘాల పాఠం చెప్పాల్సిన ఎకనామిక్స్‌ మేడమ్‌ పక్కన ఆయన కూర్చున్నప్పుడు చూడాలి. ఆవిడ కొట్టిన మాటలకి ఫలితాలు వరదలా వచ్చిపడతాయి. ఆయన ఆ మాటల్ని కొటేషన్‌ గుర్తుల మధ్య పెట్టి, పెద్దక్షరాల్లో ‘అండ్‌’ కొట్టి ఇంకో మాట కలిపి, సంవత్సరాలు కుదిస్తారు. జాబితా ఒక్క పేజీకి దిగుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధగంగలో ఇంకా ఒడుపు కావాలి. ఇంగ్లీషులో పోచంపల్లి చివర ఒకరు ‘ఐ’, మరొకరు ‘వై’ రాస్తారు కనక రెండు విధాలా వెతుకుతారు. దొరికిన థీసిస్‌లో తిన్నగా చివరి గ్రంథసూచికి వెళ్లి, “అసలు సరుకంతా ఇక్కడుంటుంది మేడమ్‌” అంటారు. మర్నాడు పిల్లలకి పాత గైడు ముక్కలు కాక, మగ్గాల అసలు సంగతులు అందుతాయి. ఇంత చేసినా స్టాఫ్‌ మీటింగులో ఆయన్ని అడిగేది, ఎన్ని పుస్తకాలు పోయాయనే!