లోగన్ ఇంటి పిల్లలు

చరిత్రను ఎదిగే పిల్లల చేతికి నవలగా అందించడంలో మిల్డ్రెడ్ టేలర్‌ను మించినవాళ్లు లేరని నా పట్టుదల. కాదనేవాళ్లు ముందు ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ మొదటి అధ్యాయం చదివి రావాలి, ఆ తర్వాతే వాదన!

1933, అమెరికాలోని మిసిసిపి. లోగన్ ఇంటి చిన్నోడు లిటిల్ మ్యాన్‌కు ఆరేళ్లు, బడిలో అదే మొదటి రోజు. బట్టలకు కాస్త దుమ్మంటినా ఓర్చుకోలేని పిల్లాడు. చేతికి మురికోడుతున్న పుస్తకం వచ్చింది. వేరేది అడిగాడు, లేదన్నారు. అట్ట లోపల ఓ పట్టిక: ఏ ఏడు ఇచ్చారు, అప్పటికి పుస్తకం ఎలా ఉంది, తీసుకున్నవాళ్లది ఏ జాతి. పదకొండేళ్లు తెల్లపిల్లలు వాడి వాడి శిథిలం చేశాకే అది నల్లపిల్లల వంతుకొచ్చింది. ఆ వరస చదివి వాడు పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కాడు. అక్క క్యాసీ వాడి పక్షాన నిలబడింది. ఇద్దరికీ దెబ్బలు పడ్డాయి. అదే బడిలో పంతులమ్మ అయిన తల్లి మేరీ ఏం చేసిందో తెలుసా? కొలతకు కాగితాలు కత్తిరించి, జిగురు రాసి ఆ పట్టికల మీద అంటించింది.

ఉపన్యాసం ఒక్కటైనా ఉందా? వర్ణవివక్ష అంతా ఒక అట్ట వెనక ఇమిడిపోయింది, తల్లి ప్రేమ ఒక జిగురు సీసాలో. పనితనం అంటే అదీ. తండ్రి డేవిడ్ సొంత పొలం పోకుండా కాపాడుకోవడానికి లూసియానాలో రైలు పట్టాలు వేస్తుంటాడు. చివర్లో టీజే అనే కుర్రాణ్ణి గుంపు ఉరితీయబోతుంటే, ఆ పొలంలో పత్తికే నిప్పంటిస్తాడు. మంటలార్పడానికి అందరూ పరుగెడతారు. ఆ నిప్పు నాన్నే పెట్టాడని ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. క్యాసీ తనే గ్రహించుకోవాలి, చదివేవాళ్లూ అంతే.

రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ మరో దిగ్గజం. పసితనంలోనే కీళ్లజబ్బు బారినపడిన మనిషి. 1954 నాటి ‘ది ఈగిల్ ఆఫ్ ది నైన్త్’లో కుంటికాలి రోమన్ యువకుడికి, అతను విడిపించిన బానిసకూ మధ్య స్నేహాన్ని ఇంటి బంధంలా మలిచింది. లోయిస్ లౌరీ సంగతి సరేసరి. ‘నంబర్ ద స్టార్స్’లో నాజీ సైనికులు ఇంటికొచ్చిన రాత్రి, పదేళ్ల ఆన్‌మేరీ యూదు స్నేహితురాలి మెడలోని గొలుసు తెంచి గుప్పిట్లో బిగిస్తుంది. వాళ్లు వెళ్లాక చూస్తే అరచేతిలో నక్షత్రం అచ్చు!

ఇక నకిలీలు. పాతకాలం గౌను తొడిగి, నోట్లో నేటి మాటలు కుక్కి, నడుమ ఓ ముద్దు పెట్టిస్తే చారిత్రక నవలట! ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్’ను నెత్తిన పెట్టుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో శిబిరం అధికారి కొడుకు కంచె దగ్గర కూర్చుని ఖైదీ పిల్లాడితో రోజుల తరబడి కబుర్లాడతాడు. నాజీ మారణకాండ చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు దాని జోలికి పోవద్దని ఆష్విట్జ్ స్మారక కేంద్రమే 2020లో చెప్పింది. పిల్లలకే కదా అని చరిత్రను కల్తీ చేస్తే క్షమించేదెలా?

మనకూ సరుకు లేక కాదు. పల్నాటి బాలచంద్రుడు వీరుడు కాకముందు బొంగరాలాడిన కుర్రాడు. కొడుకును యుద్ధానికి పంపడానికి మనసొప్పని ఐతాంబ, కత్తి చేతికిచ్చి సాగనంపిన భార్య మాంచాల ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. ఆ ఇంటి లోపలి నుంచి కథ రాసే తెలుగు రచయిత ఎవరైనా ఉంటే దయచేసి కలం పట్టండి. కారంపూడి యుద్ధం చివరి అధ్యాయంలో వచ్చినా మాకు అభ్యంతరం లేదు.