తాకని చేతి నేర్పు

పంటి డాక్టరు పనితనం అనగానే మనకు తోచేది నొప్పి తెలియకుండా ఇంజెక్షను పొడవడం, పుచ్చు తొలిచి సిమెంటు నింపడం, మొండికేసిన దవడపన్నును ఊడబెరకడం. ఇవన్నీ మన నోరు తెరిచి ఉన్నప్పుడు జరిగేవి. ఒక పేషెంటు కుర్చీ దిగి మరొకరు ఎక్కేలోపు జరిగే పని మన కంటపడదు. నన్నడిగితే, మెచ్చుకోవలసిన నేర్పు అక్కడే ఎక్కువ.

ముందు చేతిని గమనించండి. గ్లవ్‌తో నోట్లో పెట్టిన వేలు మళ్లీ దేన్ని తాకుతోంది? బాగా అలవడిన డాక్టరు ఆ చేత్తో సొరుగు లాగరు, ఫోను ఎత్తరు, మాస్కు సర్దుకోరు. లైటు పిడికి ముందే ప్లాస్టిక్ పొర చుట్టి ఉంటుంది. మనిషి మారినప్పుడల్లా పొరా మారుతుంది. ఏదైనా కావలసివస్తే అసిస్టెంటు ప్యాకెట్ చించి, లోపలి వస్తువును తాకకుండా ట్రేలో జారవిడుస్తుంది. మడికట్టుకున్న అమ్మమ్మ తలుపును మోచేత్తో నెట్టుకుని వంటింట్లోకి వెళ్లడం చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడి మైల మనిషిది కాదు, లాలాజలానిది.

మత్తు సూదికి మూత పెట్టడంలోనూ ఇంతే జాగ్రత్త. మూతను రెండో చేత్తో పట్టుకోరు. దాన్ని ట్రేలోనే ఉంచి, ఒంటి చేత్తో సూదిని అందులోకి దూర్చి పైకి లేపుతారు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుందని తెలిసినవాళ్లకు ఇది చాదస్తంలా అనిపించదు.

ఇక పరికరాలు వెనకగదికి పోతాయి. వాటిని నేరుగా ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి వేడితో సూక్ష్మజీవులను చంపే యంత్రంలో, పడేయడం పనితెలియనివాళ్లు చేసేది. రక్తపు మరక అలాగే ఉంటే వేడికి గట్టిపడి లోహానికి అంటుకుపోతుంది, దాని కిందికి ఆవిరి చేరదు. అందుకే ముందు అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగడం, తర్వాత వెలుతురులో తిప్పి చూడడం, ఆరబెట్టడం, కవర్లలో పెట్టి మూయడం. ఇదంతా చేసే అసిస్టెంటు చేతికి మందపాటి రబ్బరు గ్లవ్స్ ఉండాలి.

హ్యాండ్‌పీస్ సంగతి మరీ చిత్రం. పన్ను తొలిచే ఆ టర్బైన్ నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆగిన క్షణంలో ఒత్తిడి పడిపోయి, నోట్లోని తడిని తన లోపలికి లాక్కోగలదు. కాబట్టి స్పిరిట్ దూదితో పైపైన తుడిచి తర్వాతి మనిషి నోట్లో పెట్టడం శుభ్రత అనిపించుకోదు. దాన్నీ కడిగి, నూనె వేసి, కవరులో పెట్టి ఆవిరికి ఇవ్వవలసిందే. ఇలాంటి బోలు పరికరాల కోసమే ముందుగా గాలిని వ్యాక్యూమ్‌తో లాగేసే బి క్లాస్ ఆటోక్లేవ్‌లు వచ్చాయి. గాలి మిగిలిన చోటికి ఆవిరి పోదు.

లెక్క కచ్చితం: 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా 134 దగ్గర 3 నిమిషాలు. వేడెక్కే సమయం, ఆరే సమయం దీనికి అదనం. మధ్యలో కరెంటు పోతే లెక్క మళ్లీ మొదటినుంచి. కవరు తడిగా ఉండగా బయటికి తీసినా శ్రమ వృథా, తడి కాగితం గుండా సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. కవరు మీది గుర్తు రంగు మారిందంటే అది వేడి చూసిందని మాత్రమే అర్థం. సూక్ష్మజీవులు చచ్చాయా లేదా తేలాలంటే జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే మొండి బ్యాక్టీరియా స్పోర్లున్న పట్టీని కూడా లోపల పెట్టి, ఆ తర్వాత ఆ బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడాలి. వారానికొకసారి ఈ పరీక్ష చేసే క్లినిక్‌కు నేను దండం పెడతాను.

నీళ్లను చాలామంది మరచిపోతారు. కుర్చీలోని సన్నని గొట్టాల్లో రాత్రంతా నిలిచిన నీటిలో బ్యాక్టీరియా జిగురు పొర కడుతుంది. 2011లో ఇటలీలో 82 ఏళ్ల వృద్ధురాలు దంతవైద్యం తర్వాత లెజియోనెల్లా సోకి చనిపోతే, ఆ బ్యాక్టీరియా మూలం కుర్చీ నీటి గొట్టాల్లో దొరికింది. అందుకే ప్రతి పేషెంటు తర్వాతా కొన్ని క్షణాలు నీళ్లు వదిలేయడం, గొట్టాలకు మందు పట్టించడం, కోత పడే చోట ఆ నీళ్లు కాక స్టెరైల్ సెలైన్ వాడడం.

ఆ సెలైన్‌నూ చెయ్యే పాడుచేయగలదు. 2023లో తమిళనాడులోని వాణియంబాడిలో ఒక దంత వైద్యశాలకు వెళ్లినవాళ్లకు మెదడుకు పాకే మెలియోయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకి పలువురు చనిపోయారు. చిగురును ఎముకనుంచి విడదీసే ఎలివేటర్‌తో సెలైన్ సీసా మూత తెరిచి, అదే సీసాను మళ్లీ మళ్లీ వాడడం పరిశోధకుల కంటపడింది. స్టెరిలైజేషన్ పాఠం బీడీఎస్‌లో అందరూ చదువుతారు. రద్దీగా ఉన్న సాయంత్రం మూత రాకపోతే చేతికి దొరికిన దానితో తెరవకుండా ఆగగలగడమే పనితనం.

ఒక క్లినిక్ చిత్తశుద్ధిని కొలవడానికి నాకు తెలిసిన కొలత ఒకటే: పరికరాల సెట్లు ఎన్ని ఉన్నాయి? కడగడం నుంచి ఆరడం దాకా దాదాపు గంట పట్టే పనిని, ఇద్దరికి సరిపోయే సామానుతో గంటకు నలుగురిని చూస్తూ చేయడం ఎవరివల్లా కాదు. నాలుగో హ్యాండ్‌పీస్ కొన్న డాక్టరు నోటితో చెప్పకుండానే మనకు చాలా చెప్పినట్టు.

ఈసారి కుర్చీ ఎక్కినప్పుడు మొహమాటపడకుండా అడగండి: కవరు నా ముందే చించుతారా, హ్యాండ్‌పీస్ కూడా కవరులోంచే తీశారా, ఆటోక్లేవ్ ఒకసారి చూపిస్తారా? పనిమీద శ్రద్ధ ఉన్న డాక్టరు విసుక్కోరు. విసుక్కుంటే లేచి వచ్చేయండి.