ఆగే బంతి

2023 ఏప్రిల్. అగస్టాలో మాస్టర్స్ ఆఖరి రౌండు. పదహారో హోల్ దగ్గర సాహిత్ తీగల బంతి గ్రీన్ దాటి ఎడమ పక్కకు పోయింది. 2005లో టైగర్ వుడ్స్ చరిత్రకెక్కిన చిప్ కొట్టిన తావు ఇంచుమించు అదే. హైదరాబాద్ నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్, మాస్టర్స్ ఆడటం అదే మొదటిసారి. జెండాకేసి కొట్టలేదు. గుంతకు దూరంగా, వాలు మీదికి వేశాడు. బంతి నెమ్మదించి, మళ్ళి, దిగి దిగి గుంతలో పడింది. బర్డీ! ఆ టోర్నీలో తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత కూడా అయ్యాడు. నా మట్టుకు ఆ కప్పు కంటే ఈ చిప్పే గొప్పది. పక్షపాతం అంటారా, అనండి.

ఆ మణికట్టును అందరూ మెచ్చుకున్నారు. బంతిని మెచ్చినవాళ్ళు నాకు కనబడలేదు. మాది తిరుమలగిరి. మా దిక్కు గోల్ఫ్ కోర్సు లేదు, ఆడాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. కానీ చిర్రగోనె, అంటే బిళ్ళంగోడు, ఆడి పెరిగినవాళ్ళం. గోనె కర్ర ఎంత నున్నగా ఉన్నా చిర్ర మొన సరిగ్గా చెక్కకపోతే అది లేవదని మాకు వేరే చెప్పాలా? గోల్ఫ్‌లో మాత్రం జనం డ్రైవర్‌కు వేలకు వేలు పోసి, బంతి దగ్గరికొచ్చేసరికి చవకది ఏదుంటే అది సంచిలో వేసుకుంటారు. రౌండులో ప్రతి దెబ్బా తగిలేది బంతికే. డ్రైవర్ బయటికొచ్చేది మహా అయితే పద్నాలుగు సార్లు.

దుకాణంలో బంతి ఎంత దూరం పోతుందని అడుగుతారు. ఎక్కడ ఆగుతుందని అడగాలి. గంటకు 85 మైళ్ళ వేగంతో డ్రైవర్ తిప్పే మనలాంటి వాళ్ళకు ఒక మంచి బంతికీ ఇంకో మంచి బంతికీ టీ దగ్గర తేడా కొద్ది గజాలే. అదే గ్రీన్‌కు యాభై గజాల దూరంలో వెడ్జ్ పట్టుకోండి, తేడా కళ్ళకు కడుతుంది. యూరథేన్ తొడుగున్న బంతి వెడ్జ్ గాడులను కరిచి పట్టుకుంటుంది. ఒక గంతు, రెండో గంతు, ఆగుతుంది. అయానమర్ తొడుగున్న గట్టి బంతి గాడుల మీద జారి తక్కువ స్పిన్‌తో లేస్తుంది, పడ్డాక పరుగే. గోల్కొండ కోర్సులో ఒక క్యాడీ నా సంచిలోంచి బంతి తీసి, గోరుతో నొక్కి చూసి, "గిది ఆగది సార్, ఉరుకుతది" అన్నాడు. మూడు హోల్స్‌లో మూడుసార్లూ ఉరికింది. స్పిన్ కొలిచే లాంచ్ మానిటర్ కావాలా ఆ మనిషికి?

స్పిన్ సంగతి కొంచెం విప్పి చెప్పాలి. టూర్ ఆటగాళ్ళు డ్రైవర్‌తో కొట్టిన బంతి నిమిషానికి దాదాపు 2,600 చుట్లు తిరుగుతుంది. పిచింగ్ వెడ్జ్‌తో 9,000 పైచిలుకు. డ్రైవర్ దగ్గర చుట్లు ఎక్కువైతే బంతి పైకి లేచి ఎదురుగాలికి దొరికిపోతుంది. వెడ్జ్ దగ్గర తక్కువైతే ఆగదు. ఈ రెండింటినీ ఒకే బంతిలో ఇమిడ్చినవాళ్ళ పనితనానికి నేను దండం పెడతాను. లోపల వేగం కోసం రబ్బరు గుండె, దాని మీద గట్టి పొర, ఆ పైన పలచని మెత్తని తొడుగు. ఇవన్నీ 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇక ఒంటినిండా మూడు నాలుగు వందల గుంటలు. గుంటల్లేని నున్నని బంతిని అదే దెబ్బ కొడితే సగం దూరం కూడా పోదు. ఒక్కో గుంట లోతు పావు మిల్లీమీటరు. అందులో వెంట్రుక మందంలో సగం కూడా లేని తేడా వస్తే చాలు, బంతి దారి మారిపోతుంది.

ఈ కళ చరిత్ర పెద్దది, తొందరగా దాటేస్తాను. మొదట్లో తోలు సంచిలో ఈకలు కూరి కుట్టేవారట. ఒక బంతికి ఒక టోపీ నిండా ఈకలు పట్టేవంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో అలన్ రాబర్ట్‌సన్ ఆ పనిలో మేటి, ఆటలోనూ మేటి. 1848 ప్రాంతంలో చెట్టు పాలతో చేసిన గట్టాపెర్చా బంతి వచ్చింది. దొరికిన గట్టా బంతులన్నీ రాబర్ట్‌సన్ కొని తగలబెట్టించాడని చెప్పుకుంటారు. ఆయన దగ్గర పనిచేసిన టామ్ మోరిస్ గట్టాతో ఆడాడని ఇద్దరికీ చెడింది. ఆ టామ్ మోరిస్ తర్వాత నాలుగుసార్లు ఓపెన్ చాంపియన్‌షిప్ గెలిచాడు. రాబర్ట్‌సన్ కూడా చివరికి గట్టా వైపే వచ్చాడు. కొత్త గట్టా కంటే దెబ్బలు తిని గీతలు పడ్డ గట్టా బాగా ఎగురుతోందని ఆటగాళ్ళే కనిపెట్టారు. మన గుంటలకు మూలం అదే. 1898లో హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారం చుట్టిన బంతి తెచ్చాడు, 1905లో విలియం టేలర్ గుంటలకు పేటెంట్ తీసుకున్నాడు. 2000 అక్టోబరులో లాస్ వేగాస్‌లో టైటిలిస్ట్ ప్రో వీ వన్ దిగేసరికి బలాటా తొడుగు బంతుల కాలం చెల్లిపోయింది. బలాటాను ఒక్కసారి ఐరన్ అంచు తాకితే పగలబడి నవ్వినట్టు కోసుకుపోయేది. అయినా దాని మెత్తదనం తలుచుకుని నిట్టూర్చే పెద్దలు క్లబ్బుల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక మన నేల, మన ఎండ. నయాఖిల్లా గోడల నడుమ గోల్కొండ కోర్సులో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్‌వే ఎండి బంతి తనంతట తానే పరుగు తీస్తుంది. దూరం కోసం మళ్ళీ డబ్బు పెట్టడం దేనికి? అప్పుడు కావలసింది ఎత్తుగా పోయి, నిటారుగా దిగి, స్పిన్‌తో ఆగేది. పైగా హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తు. సముద్రతీరం కంటే రెండు శాతం అటూ ఇటూ ఎక్కువ దూరం ఊరికే వస్తుంది. జూన్, జూలైలో పడమటి గాలి ఎదురైతే డ్రైవర్ దగ్గర స్పిన్ తక్కువిచ్చే బంతి మేలు. వాన పడ్డాక నేల మెత్తన, పరుగు ఉండదు. తడి గడ్డి వెడ్జ్ పట్టును కూడా తగ్గిస్తుంది. చవక తొడుగు దొరికిపోయేది సరిగ్గా అక్కడే. డిసెంబరు పొద్దున చలికి బంతి బిగుసుకుని గజాలు తగ్గుతాయి. ఆట మధ్యలో బంతిని కావాలని వేడి చేయడం నిబంధనలకు విరుద్ధం, ఆ తెలివి చూపకండి. బౌల్డర్ హిల్స్‌లో రాయికి తగిలిన బంతి గీరుకుపోయిందని హోల్ మధ్యలో మార్చడానికీ లేదు. తెగితేనో పగిలితేనో మార్చవచ్చు.

స్లైస్ కొట్టేవాళ్ళకు ఒక మినహాయింపు ఇస్తాను. స్పిన్ తక్కువున్న రెండు పొరల బంతి వంకరను కొంత తగ్గిస్తుంది. రౌండుకు ఆరు బంతులు నీళ్ళపాలు చేసే కొత్తవాళ్ళు అదే వాడుకోండి, తప్పు లేదు. మెత్తని బంతి అయితేనే నెమ్మది స్వింగ్‌కు దూరం వస్తుందనే మాట మాత్రం నేను నమ్మను. బంతి మెత్తదనాన్ని చెప్పే కంప్రెషన్ అంకె చేతికి తగిలే హాయి సంగతే ఎక్కువ చెబుతుంది.

నా కడుపు మండేది ఇక్కడ. కుంటల్లోంచి తీసిన బంతులను వాడినవే అని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. నీళ్ళలో దిగి ఏరేవాళ్ళు పొట్టకూటికి చేసే పని అది. కానీ వాటిని రాచి, తెల్లరంగు కొట్టి, మళ్ళీ పేరు అచ్చువేసి, కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళను ఏమనాలి? నగరంలో ఒక దుకాణంలో నాకూ అంటగట్టారు. రెండో వెడ్జ్ దెబ్బకు రంగు రేకులుగా లేచింది, కింద ఇంకో కంపెనీ పేరు! వెంట్రుకలో సగం తేడాకే దారి మారే గుంటల్లో రంగు పూడితే ఆ బంతి ఎటు పోతుందో దేవుడికెరుక. నష్టపోయేది ఎవరు? ఖరీదైన సభ్యత్వాలున్నవాళ్ళు కాదు. క్యాడీ పని చేస్తూ సోమవారాల్లో ఆట నేర్చుకునే పిల్లలు. బంతి చేసిన మోసాన్ని తమ చేతి తప్పనుకుని, బాగున్న స్వింగును చేజేతులా పాడుచేసుకుంటారు. రాబర్ట్‌సన్ తగలబెట్టింది మంచి బంతుల్ని, తగలబెట్టాల్సినవి ఇవి.

క్లబ్బులను నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నెలకో పొద్దున ప్రాక్టీసు గ్రీన్ పక్కన నాలుగు రకాల అసలు బంతులు, మూడేసి చొప్పున, పేర్లు మసిపూసి పెట్టండి. సభ్యులూ, క్యాడీ పిల్లలూ కలిసి ముందు పట్టర్‌తో కొట్టాలి, తర్వాత చిప్, ఆ తర్వాత యాభై గజాల పిచ్, ఐరన్, అన్నిటికన్నా చివర డ్రైవర్. ఎవరి చేతికి ఏది ఆగిందో క్యాడీలే రాసిపెట్టాలి. మసి తుడిచాక పేరు చూసి, ఆ ఒక్క రకాన్నే సీజనంతా ఆడాలి. దుకాణాల్లో ఇప్పుడు డ్రైవర్‌తో మొదలుపెట్టించి అక్కడే బిల్లు రాస్తున్నారు.