క్లాష్‌లో బిల్డర్ల లెక్క

భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వకైనా తావివ్వకూడదు. అంటే షిఫ్టుకు దిగిన మనిషికి ఎనిమిది గంటలు ఫోన్‌తో సంబంధం ఉండదు. అలాంటివాడు కూడా వెనకబడకుండా ఆడగలిగే ఆట క్లాష్ ఆఫ్ క్లాన్స్. సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రమైన మా గోలేటిలో తిండీ నిద్రా కూడా షిఫ్టులను బట్టే నడుస్తాయి. అందుకేనేమో, ఈ ఆటలోని పనితనం నన్ను ఇంతగా కట్టిపడేసింది.

హెల్సింకీలోని సూపర్‌సెల్ కంపెనీ దీన్ని 2012 ఆగస్టులో ఐఫోన్లకు, 2013 అక్టోబరులో ఆండ్రాయిడ్‌కు తెచ్చింది. పైకి మామూలు ఆటే. గోల్డ్ మైన్ బంగారం తవ్వుతుంది, కలెక్టర్ ఎలిక్సిర్ తోడుతుంది. వాటితో మన ఊరు కట్టుకోవాలి, ఇంకొకరి ఊరి మీద పడి లూట్ తేవాలి. మనం నిద్రపోయినా మైను తవ్వుతూనే ఉంటుంది, నిండాక ఆగుతుంది. పది నిమిషాలకోసారి తెరిచి నొక్కినంత మాత్రాన తవ్వే వేగం పెరగదు. 2009లో ఫేస్‌బుక్‌లో ఊపేసిన ఫామ్‌విల్ అలా కాదు. వేళకు కోయకపోతే పంట ఎండిపోయేది, మనిషిని పదేపదే పిలిపించుకునేది. క్లాష్‌లో ఊరు మన కోసం ఓపికగా ఎదురుచూస్తుంది. ఆ మర్యాద నాకు చాలా నచ్చుతుంది.

మరి ఆట ఎక్కడుంది? బిల్డర్ల దగ్గర. మొదట ఇద్దరే. మూడోవాడికి 500 జెమ్స్ (ఆటలోని రత్నాలు), నాలుగోవాడికి 1000, ఐదోవాడికి 2000. ఏ భవనం లెవల్ పెంచాలన్నా ఒక బిల్డర్ కావాలి, పని అయ్యేదాకా అతను ఇంకో పనికి దొరకడు. బంగారం పోతే మళ్లీ లూట్ చేసుకోవచ్చు, బిల్డర్ ఊరికే కూర్చున్న గంట మాత్రం తిరిగి రాదు.

ఇక్కడ తెలిసిన ఆటగాడు చేసే పని చూడండి. ఐదుగురికీ ఒకే పూట పూర్తయ్యే పనులు ఇవ్వడు. ఇస్తే ఐదుగురూ ఒకేసారి ఖాళీ అవుతారు. ఐదు పెద్ద పనులకు సరిపడా బంగారం స్టోరేజీల్లో పట్టదు. ఇద్దరికి పని దొరుకుతుంది, ముగ్గురు చూస్తూ నిలబడతారు. అప్పుడు రోజంతా దాడుల మీద దాడులు చేస్తూ చెమటోడ్చాలి. అదే రోజుకొకరు ఖాళీ అయ్యేలా ఒకరికి పొడుగు పని, ఇంకొకరికి పొట్టి పని అప్పగిస్తే, ఆ రోజు లూట్ ఆ ఒక్కడికి సరిపోతుంది. ఓపెన్‌కాస్టులో షావెల్ దగ్గర ఇదే లెక్క. డంపర్లన్నీ ఒక్కసారే వస్తే లైన్లో నిలబడతాయి, ఆ తర్వాత షావెల్ ఖాళీగా ఎదురుచూస్తుంది. ఎడంగా వస్తే రెండూ ఆగవు. కైరిగూడ ఓసీలో పనిచేసేవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

గోడల విషయం ఇంకా సొగసైనది. గోడ లెవల్ పెంచడానికి సమయం పట్టదు, సొమ్ముంటే క్షణంలో పని అయిపోతుంది. కానీ ఆ క్షణానికి ఒక బిల్డర్ ఖాళీగా ఉండాలి. అందుకే ఆరితేరినవాళ్లు బిల్డర్ చేతికి రాగానే అతన్ని పెద్ద పనికి పంపరు. ముందు మిగులు బంగారమంతా గోడల్లో పోసేస్తారు. తర్వాత ఒకటో రెండో దాడులు చేసి, వచ్చిన లూట్‌తో అతనికి పెద్ద పని అప్పగించి ఆట మూసేస్తారు. స్టోరేజీలో దొంగకు దొరికేది పెద్దగా ఏమీ మిగలదు. పట్టుమని పావుగంట కూడా పట్టని ఈ వరుసలో ఒక్క అడుగు తారుమారైనా అందం పోతుంది.

జెమ్స్ ఇచ్చి పని వెంటనే ముగించే బటన్ కూడా ఉంది. అది తొందరపడేవాడికి వేసిన ఎర. చెట్లూ రాళ్లూ తొలగించినప్పుడు ఉచితంగా దొరికే జెమ్స్‌ను దాచి కొత్త బిల్డర్‌ను తెచ్చుకున్నవాడు ఆట ఉన్నన్నాళ్లూ లాభపడతాడు. బటన్ నొక్కినవాడికి కలిసొచ్చేది ఆ పూట మాత్రమే.

తయారుచేసినవాళ్లకు తమ ఆటలో ఏది ముఖ్యమో తెలుసు. 2022లో సైన్యానికి అయ్యే ఖర్చు ఎత్తేశారు. 2025 మార్చిలో సైన్యం సిద్ధమయ్యే సమయాన్నీ ఎత్తేశారు. దాడి కోసం ఎదురుచూపు ఇక లేదు. బిల్డర్ల పని గంటలను మాత్రం అప్పుడప్పుడూ తగ్గిస్తూ వచ్చారే తప్ప తీసేయలేదు.