ఎండే మందు

క్యారెట్ పీకితే కాళ్లు చీలి, ఒళ్లంతా బుడిపెలతో బయటికొస్తుంది. షార్జాలో మట్టి మడి ఉన్న తెలుగు ఇళ్లలో చలికాలమంతా ఇదే గోడు. వెంటనే ఏదో మందు తెచ్చి ఆకుల మీద కొడతారు. రోగం ఉన్నది ఆకులో కాదు, మట్టిలో.

వేరు చీలడానికి రాళ్లూ, పచ్చి పేడా కూడా కారణం కావచ్చు. అందుకే నేను ముందు పక్కనున్న పీచువేళ్లు చూస్తాను. ఆవగింజంత ఉబ్బులు వరసగా ఉంటే అది నులిపురుగుల పనే. చిక్కుడు వేరు మీద మామూలుగా ఉండే బుడిపె గోటితో గిల్లితే ఊడొస్తుంది, ఈ ఉబ్బు ఊడదు. ఉబ్బింది వేరే కదా! ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చని ఇసుకలో నెల తిరిగేసరికి కొత్త తరం తయారు. మొలకలు లేచాక పెరట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

చేయాల్సింది జులైలో. "మా దిక్కు ఎండకాలం దున్ని ఇడుస్తం సారూ, భూమి కాగాలె" అన్నాడు ఇక్కడ తోటపని చేసే జగిత్యాల అన్న. వేసవి దుక్కి వెనకున్న ఆ సంగతినే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యాకోవ్ కటన్ బృందం ప్లాస్టిక్ పట్టాతో మరింత పదును పెట్టి 1976లో ప్రకటించింది. మడిని బాగా తడిపి, పారదర్శకమైన పల్చటి పట్టా నేలకు అంటుకునేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చాలి. నల్ల పట్టా అంత వేడెక్కనివ్వదు. తడి వేడిని లోపలికి దించుతుంది. 4 నుంచి 6 వారాలు చాలు. సెలవులకు ఊరెళ్లే ముందు పరిచి వెళ్తే, మనం తిట్టుకునే ఈ ఎండే పని చేసిపెడుతుంది. లోతున కొన్ని బతికిపోతాయి కాబట్టి ఏటా చేయాల్సిందే.

వేపపిండి, మాగిన ఎరువు ఆ తర్వాత. నులిపురుగుల మీద బంతి మంచిదే, కానీ గట్టున రెండు మొక్కలు నాటితే లాభం లేదు. ఒక పంటకాలం మడి నిండా ఒత్తుగా పెంచాలి.

బూడిద మాత్రం వద్దు. ఊళ్లో అలవాటే అయినా, ఇక్కడి ఇసుకలో సున్నం, క్షారగుణం ముందే ఎక్కువ. బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. ముల్లంగి, బీట్‌రూట్ తోలు మీద గరుకు గజ్జి కట్టేది అలాంటి నేలలోనే, అదీ దుంప ఊరే రోజుల్లో మట్టి ఎండిపోతే. బీట్‌రూట్ లోపల నల్లబడితే అది తెగులు కాకపోవచ్చు, బోరాన్ లోపం చూసుకోండి.

బుడిపెల వేళ్లను కంపోస్టులో వేయకండి. సంచిలో మూటకట్టి చెత్తకు పంపండి. పార కడిగాకే పక్క మడిలో దించండి.